గిన్నె మీద చప్పుడు

మా అమ్మమ్మని పేరు పెట్టి పిలిస్తే పలకదు. మతిమరుపు వచ్చాక మొదలైంది కాదిది, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇంతే. వీధిలో నిలబడి "లాయమ్మా" అని ఎవరెంత గొంతు చించుకున్నా వంటింట్లోంచి కిక్కురుమనేది కాదు. కరెంటు బిల్లువాడైనా, చేపల ఆవిడైనా, సొంత అల్లుడైనా సరే, గుమ్మం దాటి లోపలికొచ్చి మొహం చూపించాల్సిందే. "మీ అత్తగారికి చెవుడా?" అని ఇరుగుపొరుగు అడిగితే, "చెవుడు కాదు, పొగరు" అనేవాడు మా నాన్న.

ఇంకొకటి కూడా ఉంది. అన్నం గిన్నె మీద మేం తినే పుల్లలతో కొడితే ఆకలి దయ్యాలు వస్తాయని మా దేశంలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. చిన్నప్పుడొకసారి కూర ఉడకడం ఆలస్యమై, ఆకలికి ఆగలేక నేను గిన్నె అంచు మీద టక్, టక్ మని కొడుతూ కూర్చున్నాను. అమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది. అప్పుడే పక్కగదిలో నిద్రపోతున్న అమ్మమ్మ జుట్టు విరబోసుకుని గుమ్మంలోకి వచ్చింది. మా ఇద్దరినీ చూసింది గానీ చూసినట్టు లేదు. "పోయారా?" అని అడిగింది. ఎవరు పోయారమ్మా అంటే జవాబు చెప్పకుండా వెళ్ళి పడుకుంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మా అమ్మని బజారంతా "మూడో అక్క" అంటారు. మా దక్షిణాన ఇంట్లో మొదటి బిడ్డని 'ఒకటి' అనరు, 'రెండు' అంటారు. మొదటి బిడ్డ అని తెలిస్తే దయ్యాల కన్ను పడుతుందట. ఆ లెక్కన మూడో అక్కకి ముందు ఒకరుండాలి. "రెండు ఏమయ్యాడు?" అని ఎప్పుడడిగినా అమ్మమ్మ "జ్వరం" అనేది. అంతకుమించి మాట పెగిలేది కాదు. పటం లేదు, పేరు లేదు. యుద్ధంలో పోయినవాళ్ళు లేని ఇల్లు మా వైపు ఎక్కడుంది కనక, మేమూ గుచ్చి గుచ్చి అడగలేదు.

పోయినేడాది నుంచి అమ్మమ్మ సాయంత్రమయ్యేసరికి "ఇంటికి పోదాం పదండి" అని మొదలుపెడుతోంది. ఇదే ఇల్లమ్మా అంటే నమ్మదు. "పుట్టినూరు ఒక్కసారి చూపిస్తే కుదుటపడుతుంది" అని అమ్మ తేల్చేసింది. మా అమ్మ నూకలన్నం బండి నడుపుతుంది. బండి దగ్గరైనా ఇంట్లోనైనా ఆవిడ తేల్చేశాక ఇంకో మాట ఉండదు. "ఆ ఊళ్ళో ఇప్పుడు ఇళ్ళెక్కడున్నాయే? యుద్ధంలో దాక్కోడానికి తవ్విన సొరంగాలకి టిక్కెట్లు అమ్ముతున్నారు" అన్నాను. "అయితే టిక్కెట్లే కొందాం. నీ డబ్బులేం కాదుగా" అంది.

అలా నలుగురం బయల్దేరాం. అమ్మమ్మ, అమ్మ, నేను, నాలుగేళ్ళ మావాడు టెప్. టెప్ అంటే మా భాషలో చిన్న రొయ్య. మంచి పేర్లు పెడితే ఎవరి కళ్ళు పడతాయోనని ఈ పేరు పెట్టింది కూడా అమ్మమ్మే.

రబ్బరు తోటలు దాటి అక్కడ దిగేసరికి ఎండ మండిపోతోంది. టిక్కెట్ల కిటికీ పక్కన చెరకురసం, బొమ్మ టోపీలు. చెట్ల వెనకాల ఎక్కడో తుపాకుల మోత. డబ్బు కట్టి పాత తుపాకులు పేల్చే చోటు ఉంది అక్కడ, విదేశీయులకి సరదా. మొదటి మోతకే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏం లేదమ్మమ్మా, ఆట" అన్నాను. ఆవిడ తల ఊపింది గానీ చెయ్యి వదల్లేదు. అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది.

మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళే అమ్మాయి పేరు న్యుంగ్, ముప్ఫై దాటి ఉంటాయి. ఆ పక్క ఊరిదే. "మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు పైనుంచి నడిచి అవతలి మెట్ల దగ్గరికి వచ్చెయ్యండి" అంది. మా అమ్మ వెంటనే పక్కకి జరిగింది. "నన్ను దింపితే మళ్ళీ తవ్వి తియ్యాలి. మీరు పోయి రండి, నేను బుట్ట చూసుకుంటాను." ఆవిడ ఎక్కడికి వెళ్ళినా బుట్టలో అన్నం, గిన్నెలు, పుల్లలు ఉండాల్సిందే. బయటి తిండి మా అమ్మకి పడదు.

అమ్మమ్మని కూడా పైనే ఉంచుదామనుకున్నాను. కానీ ఇంట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి ఆ మెట్లు చూడగానే వంగి, న్యుంగ్ వెనకాలే మోకాళ్ళ మీద చకచకా లోపలికి వెళ్ళిపోయింది. టెప్ ఆవిడ చొక్కా కొస పట్టుకుని వెనకాలే పాకాడు. వాడికి మహా సరదాగా ఉంది.

ముందు న్యుంగ్, తర్వాత అమ్మమ్మ, టెప్, చివర నేను. మాలాంటివాళ్ళ కోసం వెడల్పు చేసిన దారే అయినా నా వీపు కప్పుకి రాసుకుంటోంది. అక్కడక్కడా చిన్న బల్బులు. గాలి వెచ్చగా, తడి మట్టి వాసనతో ఉంది. దాన్ని ఎంత పీల్చినా చాలినట్టు లేదు. ఒకచోట పక్కగోడలో చిన్న రంధ్రం కనిపించింది, దానికి చెక్క తడిక అడ్డం పెట్టి ఉంది. "అది పాత సొరంగం, అసలు కొలతదే. బాగు చెయ్యలేదు. పాములుంటాయి, గాలుండదు. ఎవరూ పోరు" అంది న్యుంగ్. అమ్మమ్మ ఆ తడిక మీద చెయ్యి వేసి కాసేపు ఆగింది. నేను ఆయాసపడుతోందేమో అనుకున్నాను.

పైన తుపాకులు మోగాయి. ఈసారి విడివిడిగా కాదు, గుక్క తిప్పుకోకుండా. కప్పు నుంచి మట్టి రాలి నా మెడ మీద పడింది. అదే క్షణాన దీపాలన్నీ పోయాయి.

అంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు తెరిచానో మూశానో నాకే తెలియలేదు. "కంగారు పడకండి, కరెంటే" అని న్యుంగ్ గొంతు వినిపించింది. టెప్ "అమ్మా" అని ఏడుపు అందుకున్నాడు. నేను చెయ్యి ముందుకు చాచాను. ఆ ఏడుపు సగంలో ఆగిపోయింది.

పిల్లలు ఏడుపు ఆపితే వెక్కిళ్ళుంటాయి, ముక్కు ఎగబీల్చడం ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. ఎవరో ఆపితే ఆగినట్టు ఆగింది. నా చేతికి గోడ తప్ప ఏమీ తగల్లేదు.

న్యుంగ్ ఫోను వెలిగించింది. ముందర ఆమె, వెనక నేను, మధ్యలో ఎవరూ లేరు. తడిక పక్కకి జరిపి ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "టెప్, టెప్" అని అరిచాను. "అమ్మమ్మా, నేనే, నీ మనవరాలు లువాని" అని అరిచాను. రంధ్రంలోంచి నా గొంతే వెనక్కి వచ్చింది. న్యుంగ్ కూడా "మామ్మగారూ" అని పిలిచింది. లోపల ఎక్కడో మట్టి మీద ఏదో ఈడ్చుకుపోతున్న చప్పుడైంది. మేం పిలిచినకొద్దీ అది దూరమైంది.

నేను నా ఫోను వెలిగించుకుని ఆ రంధ్రంలో దూరాను. భుజాలు పట్టలేదు. ఫోనున్న చెయ్యి ముందుకీ రెండో చెయ్యి వెనక్కీ పెట్టి పొట్ట మీద పాకాను. కొంత దూరం వెళ్ళాక దారి కిందికి వంగింది, అక్కడ ఇరుక్కుపోయాను. ముందుకి కదల్లేను, వెనక్కి రాలేను. ఊపిరి లోపలికి తీసుకుంటే మట్టి నా పక్కటెముకల్ని నొక్కుతోంది. వెలుగు చివర, మలుపు దగ్గర, అమ్మమ్మ పాదం కనిపించింది. వెలుగు తగలగానే అది లోపలికి వెళ్ళిపోయింది.

"అమ్మమ్మా, వాడికి ఊపిరి ఆడదు. నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. మలుపు అవతల ఎవరో ఊపిరి అణుచుకుంటున్నారు. ఒక్కరి ఊపిరే వినిపించింది. రెండోదాని కోసం చెవులు రిక్కించాను, వినపడలేదు.

న్యుంగ్ నా కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగింది. నా మోచేతులు చీరుకుపోయాయి. ఆమె ఫోనులో తుపాకులు ఆపించమని ఎవరితోనో చెప్తోంది. తర్వాత నా మొహం దగ్గరికి వచ్చి, "అక్కా, అరవకండి. మనం అరిస్తే ఆవిడ ఇంకా లోపలికి పోతుంది" అంది. "మా నాయనమ్మ చెప్పేది. సైనికులు సొరంగం మూతి దగ్గర నిలబడి పేర్లు పెట్టి పిలిచేవాళ్ళట. పట్టుబడ్డ చుట్టాల చేతే పిలిపించేవాళ్ళట. పలికితే చచ్చినట్టే. అందుకని అంతా సద్దుమణిగిందని చెప్పడానికి ఒక్కో పల్లెకి ఒక్కో గుర్తుండేది. ఎవరూ పొరపాటున కూడా చెయ్యని పనేదో అది. మీ పల్లెది ఏంటో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాను ఏడుస్తూ. అప్పుడే నా వీపు మీద పడ్డ దెబ్బ గుర్తొచ్చింది.

అవతలి మెట్ల వైపు నుంచి మా అమ్మ గొంతు దూసుకొస్తోంది. బజారు చివరికి వినిపించే గొంతు అది. "అమ్మా, ఓయమ్మా, ఎక్కడున్నారే అందరూ?" నేను చీకట్లో పడుతూ లేస్తూ మెట్ల దగ్గరికి పాకి ఆవిడ నోరు మూశాను. జరిగింది చెప్పాను.

"గిన్నె తియ్యి. పుల్లలు తియ్యి. లోపలికొచ్చి కొట్టాలి" అన్నాను.

"నీకు మతి పోయిందా? పసివాడు మట్టి కింద ఉన్నాడు. ఇంతమంది చచ్చిన చోట గిన్నె మీద కొట్టి పిలుస్తానంటావా? వచ్చేది ఎవరనుకున్నావే?" బుట్టని గట్టిగా గుండెలకి హత్తుకుంది. మా అమ్మ భయపడటం నేను చూడటం అదే మొదలు.

"ఆ రోజు నేను కొడితే అమ్మమ్మ లేచొచ్చి ఏమని అడిగింది? నువ్వు కూడా విన్నావు."

అమ్మ గిన్నె తీసింది, పుల్లలు తీసింది. నాకిస్తుందని చెయ్యి చాచాను, ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పుల మనిషి, తనను మళ్ళీ తవ్వి తియ్యాలన్న మనిషి, తల వంచి చీకట్లోకి దిగింది. నేను వెనకాలే వెళ్ళాను. రంధ్రం దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, పెదాల్లోనే బుద్ధుణ్ణి తలుచుకుంటూ, గిన్నె అంచు మీద కొట్టింది. టక్. టక్. టక్.

తుపాకులు ఆగిపోయాయి. ఆ చప్పుడు తప్ప ఇంకేం లేదు. అది మట్టిలోకి వెళ్ళి ఎవరెవరిని లేపుతోందోనని నా ఒళ్ళు జలదరించింది. వాడి ఊపిరి ఇంకెంతసేపుంటుంది? అంతా నిజం కాదని, ఇంట్లో మంచం మీద లేస్తానని అనుకోవాలని చూశాను. కుదరలేదు. అమ్మ చెయ్యి ఆగలేదు.

లోపల మట్టి కదిలింది.

"పోయారా?" అంది అమ్మమ్మ. సన్నటి గొంతు, వయసులో ఉన్న ఆడపిల్ల గొంతు.

"పోయారమ్మా" అంది అమ్మ. ఆవిడకి అంత మెల్లని గొంతుందని నాకు తెలియదు. "అందరూ పోయారు. అన్నం వండాను, రా."

అమ్మమ్మ వచ్చింది. టెప్‌ని రొమ్ముకి అదిమి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి వాడి నోటినీ ముక్కునీ కప్పేసి ఉంది. న్యుంగ్ ఫోను వెలుగులో వాడి కళ్ళు మూసి ఉన్నాయి. నేను మీదికి దూకబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. లాక్కోబోతే ఇంకా గట్టిగా నొక్కుతుందని ఆవిడకి తెలిసింది, నాకు తెలియలేదు.

"చెయ్యి తియ్యమ్మా. ఇప్పుడు ఏడ్చినా ఎవరూ వినరు."

అమ్మమ్మ చెయ్యి తీసింది. వాడి బుగ్గ మీద వేళ్ళ అచ్చులు. వాడు కదల్లేదు. అమ్మమ్మ వాడి మొహంలోకి వంగి చూస్తోంది, చూస్తూనే ఉంది, ఇలా చూడటం ఆవిడకి కొత్త కాదన్నట్టు. నేను వాణ్ణి లాక్కుని వీపు మీద చరిచాను. ఏమీ లేదు. మళ్ళీ చరిచాను. వాడి ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరిపడి, గాలి లోపలికి లాక్కుని, బావురుమన్నాడు.

"ఏడుస్తున్నాడు" అంది అమ్మమ్మ. ఆశ్చర్యంగా మా అమ్మ వైపు తిరిగింది. "విన్నావా అమ్మాయ్, వీడు ఏడుస్తున్నాడు. మా రెండోవాడు ఏడవలేదు. చెయ్యి తీసి తెల్లారేదాకా చూశాను. ఏడవలేదు."

అమ్మమ్మ అమ్మ చెంప తడిమి, "నువ్వెవరి పిల్లవమ్మా?" అంది.

"నీ పిల్లనే. మూడోదాన్ని" అంది అమ్మ.

తిరుగు దారి పొడుగునా టెప్ నా మెడ వదల్లేదు. నేను వాడి మొహం తుడవబోతే నా చెయ్యి చూసి కూడా ముడుచుకుపోయాడు. అమ్మమ్మ బస్సులో కిటికీ దగ్గర హాయిగా నిద్రపోయింది. నాకు ఆవిడంటే భయం వేసింది, ఇప్పటికీ వేస్తుంది. వాణ్ణి ఆవిడ దగ్గర ఒంటరిగా వదలను. అలా వదలనందుకు నాకు ఏడుపొస్తుంది కూడా.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మ ఒక గిన్నె ఎక్కువ పెట్టింది, చిన్నది, టెప్ పసిగా ఉన్నప్పటిది. అందులో మెత్తగా గంజన్నం వేసింది. పుల్లలు తీసుకుని దాని అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది.

టెప్ నా ఒళ్ళో మొహం దాచుకున్నాడు. "అమ్మమ్మా, కొట్టకు. దయ్యం వస్తుంది" అన్నాడు మా అమ్మతో.

"రానీరా" అంది అమ్మ, కొడుతూనే. "మా అన్నయ్యే. ఇన్నేళ్ళూ పిలిచినవాళ్ళు లేరు."