గాలి లేని రోజు నేసిన గుడ్డ

సీమపనస కాయలు కాల్చే పొగ ఊరంతా కమ్ముకునే వేళకి లెసురి మగ్గం ముందు కూర్చునేది. పడుగు ఒక కొస కొయ్యకి, రెండో కొస తన నడుముకి కట్టుకుని, కాళ్ళు బారజాపి, అరటి నార దారం పేకగా వేస్తూ మధ్యాహ్నం దాకా లేచేది కాదు. వెలిఫాన్ దీవిలో నేత రాని ఆడది లేదు. కాకపోతే లెసురి నేసిన గుడ్డలో ఆ రోజు వాతావరణం ఉండిపోయేది. ఎండ కాసిన రోజు నేసింది పరిస్తే ఎండ కాసేది, తుంపర పడిన రోజు నేసింది పరిస్తే తుంపర పడేది. ఒక్కసారి పూర్తిగా పరిచాక లోపలున్నది అయిపోయేది. ఆపైన అది నడుముకి చుట్టుకునే మామూలు గుడ్డే.

ఊళ్ళో అందరికీ ఇది అలవాటే.

"లెసురీ, ఓ ఎండ గుడ్డ ఉంటే పడెయ్యవే. నాలుగు రోజుల్నించీ ముసురు, చేపలు వాసనొస్తున్నాయి," అంటూ వచ్చేది పక్కింటి ఇలెమా.

"మొన్నిచ్చింది ఏం చేశావ్?"

"మా ఆయన దాన్ని పరుచుకుని పడుకున్నాడే. వీపు కాలిపోయి అప్పట్నించీ బోర్లా పడుకుంటున్నాడు."

తుఫాను రోజున మాత్రం లెసురి మగ్గం ముట్టేది కాదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక తుఫాను ఆమె మొగుణ్ణి, అతని పడవని, దీవిలో సగం చెట్లని తీసుకుపోయింది. అలాంటి గాలిని మడత పెట్టి ఇంట్లో దాచుకోవడం ఆమెకి ఇష్టం లేదు.

ఆ తుఫాను పంపింది వాబ్ వాళ్ళేనని చిన్న దీవుల్లో అందరూ నమ్మేవారు. వాబ్ పెద్ద దీవి. కొండలు, వాగులు, ఎర్రమట్టి, పడవలకి పనికొచ్చే మానులు అక్కడున్నాయి. ఇసక మీద బతికే పదకొండు చిన్న దీవుల వాళ్ళూ గాలి మళ్ళగానే పడవలు కట్టుకుని, గుడ్డలూ కొబ్బరి తాళ్ళూ నూనే పట్టుకుని అక్కడికి వెళ్ళేవారు. కలప, పసుపు, పెండలం దుంపలు తెచ్చుకునేవారు. ఇచ్చినదానికంటే తెచ్చుకునేదే ఎక్కువ, అది ఎవరూ కాదనరు. కానీ వంగిన నడుముతో తెచ్చుకోవాలి. ఒక్కో చిన్న దీవికి వాబ్‌లో ఒక 'తండ్రి' ఉండేవాడు. తల నెరిసి మనవలున్నవాళ్ళని కూడా 'పిల్లలు' అనేవాడు. పిల్లలు ఆలస్యంగా వచ్చినా, తక్కువ తెచ్చినా తండ్రి మంత్రం చదువుతాడు, తుఫాను బయల్దేరుతుంది.

వెలిఫాన్‌కి తండ్రి తమాగ్. ఆ ఏడు అతని దగ్గర్నించి కబురొచ్చింది: 'గుడ్డలతో పాటు ఆ నేసే మనిషినీ తీసుకురండి.'

లెసురి తమ్ముడు హపిల్మార్ చుక్కలు చూసి పడవ నడిపేవాడు. కబురు విన్నప్పట్నించీ అతనికి తిండి సయించలేదు.

"రానని చెప్పనా అక్కా?"

"చెప్పి? మళ్ళీ చెట్లు కూలితే ఇలెమా పిల్లలు ఏం తింటారు? పద. ఏవంటాడో విందాం."

నాలుగు రోజుల ప్రయాణం. వాబ్ తీరాన దిగేసరికి మిగతా దీవుల పడవలు అప్పటికే ఇసక మీద వరసగా ఉన్నాయి. ఒడ్డున రాతి అరుగు, దాని చుట్టూ వీపు ఆనించుకోడానికి నిలబెట్టిన రాళ్ళు. పెద్దలు వాటికి జారగిలబడి వక్క నములుతున్నారు. వచ్చినవాళ్ళు కింద, మట్టిలో, తలలు వంచుకుని కూర్చున్నారు. పడవలు దిగే ఆ రేవు మగవాళ్ళది. చిన్న దీవుల ఆడది అక్కడ కాలు పెట్టకూడదు కాబట్టి లెసురిని మడ చెట్ల వెనక నించి, బురదలో నడిపించి తెచ్చారు.

తమాగ్ ఆమెని తేరిపార చూశాడు. మనిషి సన్నంగా, గొంతు మెత్తగా ఉన్నాడు. లెసురి అతన్ని కొండంత మనిషిగా ఊహించుకుంది.

"నువ్వేనా? అయితే ఇకనించి ఇక్కడే ఉంటావు. నాకోసం నేస్తావు. మొదట ఒక తుఫాను గుడ్డ నెయ్యి."

"తుఫాను రోజు నేను నెయ్యను నాయనా."

"ఎందుకు?"

"మా ఆయన పోయింది తుఫానులోనే."

"అది మా నాన్న పంపిన తుఫాను," అన్నాడు తమాగ్, ఏదో మంచి పని గుర్తుచేస్తున్నట్టు. "ఆ సంవత్సరం మీరు గుడ్డలు ఆలస్యం చేశారు. బాగా ఆలోచించుకో. నువ్వు ఒప్పుకునేదాకా మీ పడవ కదలదు."

మట్టిలో కూర్చున్న తమ్ముడి వంగిన మెడ చూసి లెసురి తనూ తల వంచుకుంది.

ఆమెని తమాగ్ ఇంటి పెరట్లో పాకలో ఉంచారు. తమాగ్ పెళ్ళాం తినగ్ రోజూ దుంపలు ఉడకబెట్టి తెచ్చేది. మొదటి రోజు దూరంగా పెట్టి పోయింది. రెండో రోజు గడపలో కూర్చుంది. మూడో రోజు తన సంచిలోంచి వక్క, సున్నం తీసి ఇచ్చింది.

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఏదో ఒకటి నెయ్యి. నేను చూస్తాను," అంది.

"ఏం నెయ్యను? ఆకు కూడా కదలడం లేదు."

నిజమే. లెసురి వచ్చిన దగ్గర్నించీ వాబ్ చుట్టూ సముద్రం నూనె పోసినట్టు పరుచుకుని ఉంది. పొయ్యి పొగ నిట్టనిలువుగా లేచేది. అయినా ఆమె మగ్గం కట్టింది. రెండు రోజులు నేసింది. పక్కనే కూర్చుని తినగ్ తన కొడుకు గనాంగ్ గురించి చెప్పింది. వాడు పదిమందితో బెలావ్ దీవికి వెళ్ళాడు, కొండ తొలిచి గుండ్రటి రాయి చెక్కి తేవడానికి. అలాంటి రాయి ఇంటి ముందు నిలబెడితే ఆ వంశానికి తిరుగులేదు.

"దాన్ని తెప్ప మీద పెట్టి తేవాలమ్మా. ఈసరికి రావాలి," అంది తినగ్, సముద్రం వైపు చూడకుండా.

గుడ్డ పూర్తయింది. తెల్లటి నేల మీద నల్లటి అంచు. మడత పెట్టి తినగ్ చేతికిచ్చింది లెసురి. "గాలి లేని రోజుది. జాగ్రత్త, ఊరికే విప్పకండి."

ఆరో రోజు పొద్దున తమాగ్‌కి ఓపిక నశించింది. పదకొండు దీవుల వాళ్ళనీ రేవు దగ్గర పోగుచేసి, తిరండి చేప ముల్లు కట్టిన కర్ర పైకెత్తి మంత్రం మొదలుపెట్టాడు. తూర్పున మబ్బు నల్లగా లేచింది. మట్టిలో కూర్చున్నవాళ్ళు మొహాలు దాచుకున్నారు. మధ్యాహ్నానికి గాలి మొదలైంది. ఆ తరవాత అది ఎవరి కోసమూ ఆగలేదు. కొబ్బరి మట్టలు ఎగిరాయి. రేవులో రెండు పడవలు ఒకదాని మీదొకటి పడి నలిగాయి. పగడపు దిబ్బ మీద అలలు ఇంటెత్తున లేచి విరుగుతున్నాయి.

అప్పుడే చెట్టెక్కినవాడు అరిచాడు. "తెప్ప! దిబ్బకి అవతల తెప్ప! గనాంగ్ వాళ్ళు!"

తినగ్ పరుగెత్తుకొచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. అందరి ముందూ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఏవయ్యా! లేపావుగా గాలిని. ఆపు మరి!"

తమాగ్ కర్ర ఊపాడు. గొంతు చించుకున్నాడు. గాలి ఆ కర్రని అతని చేతిలోంచి లాక్కుని మడ చెట్లలోకి విసిరేసింది.

"ఆపు! నీ కొడుకయ్యా వాడు!"

"నావల్ల కాదే," అన్నాడు తమాగ్. ఆ మెత్తటి గొంతు అంత హోరులోనూ అందరికీ వినబడింది. "ఎప్పుడూ నావల్ల కాలేదు. మా నాన్నవల్లా కాలేదు. అది వచ్చినప్పుడు వస్తుంది. మేం పంపామని చెప్పుకున్నాం, అంతే."

మట్టిలో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే తలలు ఎత్తారు.

తినగ్ ఇంట్లోకి పరుగెత్తి గుడ్డ తెచ్చింది. మడ చెట్ల దగ్గర నిలబడ్డ లెసురి చేతిలో పెట్టింది.

హపిల్మార్ అక్క భుజం పట్టుకున్నాడు. "బావ పోయిన రోజు వీళ్ళెవరూ గుడ్డ పరవలేదక్కా."

"వాళ్ళ దగ్గర లేదురా," అంది లెసురి. "నా దగ్గరుంది."

ఆమె బురద దారి వదిలి నేరుగా రేవులోకి నడిచింది. అరుగు మీది పెద్దలు చూశారు, ఒక్కరూ అడ్డు రాలేదు. మొలలోతు నీళ్ళలో నిలబడి, గుడ్డ రెండు కొసలూ పట్టుకుని, మంచం మీద దుప్పటి పరిచినట్టు నీళ్ళ మీద పరిచింది.

ముందు ఆమె చుట్టూ నీళ్ళు తేరుకున్నాయి. తరవాత రేవంతా. తరవాత ఆ నునుపు దిబ్బ దాకా పాకి, దిబ్బ దాటి, తెప్ప దాకా పోయింది. విరగబోతున్న అల విరక్కుండానే దిగిపోయింది. ఎడమవైపు కొండ మీద చెట్లు ఇంకా విరుగుతూనే ఉన్నాయి, కుడివైపు వాన దడిలా కురుస్తూనే ఉంది. మధ్యలో మాత్రం ఒక్క ఆకు కదల్లేదు. ఆ మధ్యలోంచి పదిమంది తెడ్లు వేసుకుంటూ, మనిషెత్తు గుండ్రటి రాయితో, ఎవరింటికో పేరంటానికి వస్తున్నట్టు నింపాదిగా వచ్చారు. లెక్క పెట్టుకుంది తినగ్. పదిమందీ, గనాంగూ.

లెసురి నీళ్ళలోనే నిలబడి ఏడ్చింది. ఎనిమిదేళ్ళుగా రాని ఏడుపు అది. ఆమె చేతిలో గుడ్డ తడిసి బరువెక్కింది, మామూలు గుడ్డలాగే.

మర్నాడు పొద్దున పెద్దలు మళ్ళీ అరుగు మీద కూడారు. తమాగ్ రాలేదు. చిన్న దీవుల వాళ్ళు మట్టిలో కూర్చోకుండా నిలబడే ఉన్నారు. ముసలి పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే... వచ్చే ఏడు రారా మీరు?"

హపిల్మార్ అక్క వైపు చూశాడు. లెసురే ముందుకొచ్చింది.

"ఎందుకు రాం? మీ మాను లేందే మాకు పడవ లేదు. మా గుడ్డ లేందే మీకు పెళ్ళిళ్ళు లేవు. వస్తాం. కాకపోతే పిల్లల్లా కాదు, చుట్టాల్లా వస్తాం. తుఫాను మాట మీరు ఎత్తొద్దు, మేం వినం. ఆడవాళ్ళం రేవులోనే దిగుతాం. ఆ బురదలో నడిస్తే నా మడమలు ఇంకా దురద."

ఎవరో కిసుక్కున నవ్వారు. తరవాత అరుగు మీది ముసలాయనా నవ్వాడు. జరిగి, పక్కనున్న రాయి చూపించాడు. హపిల్మార్ వెళ్ళి దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. వంద తరాల్లో వెలిఫాన్ వాడెవడూ అలా కూర్చోలేదు.

"ఎలా ఉందిరా?" అని కింద నించి అరిచారు పడవలోవాళ్ళు.

"చల్లగా ఉంది! వీపుకి గుచ్చుకుంటోంది కానీ లేవబుద్ధి కావటంలేదు!"

ఒక్కొక్క దీవి వాళ్ళూ అరుగెక్కారు. తినగ్ అందరికీ తన చేత్తో వక్కలు పంచింది. మంచి మానులు ఏరి వెలిఫాన్ పడవకి కట్టించింది. పసుపు ముద్దలు పట్టినన్ని పెట్టింది.

వాళ్ళు బయల్దేరే ముందు గనాంగ్ వచ్చాడు. తెచ్చిన రాయికి పేరు పెట్టడం తెచ్చినవాడి హక్కు. పేరు, అది వచ్చిన కథ కలిస్తేనే ఆ రాయికి విలువ. తన ఇంటి ముందు, బాట మలుపులో దాన్ని నిలబెట్టి, ఊరందరూ వినేలా పేరు పలికాడు.

"లెసురి."

లెసురి ఆ రాతిని పైనించి కిందికి చూసింది. "నేను ఇంత లావా?" అంది. తినగ్ నవ్వాపుకోలేక ఆమె మీద వాలిపోయింది.

ఆ తరవాత వాబ్‌లో రాళ్ళు చాలా వచ్చాయి, కొన్ని ఇంకా పెద్దవి. కానీ ఇళ్ళకి దారి చెప్పేటప్పుడు అందరూ ఆ మలుపునే చెప్పేవారు. చాలా ఏళ్ళ తరవాత, కొత్తగా వచ్చిన ఒక పడవవాడు బాట పక్కన కూర్చున్న ముసలాయన్ని తమాగ్ ఇల్లెక్కడని అడిగాడు. ఆ ముసలాయనే తమాగ్. కాసేపు వక్క నమిలి, ఉమ్మి, చెయ్యి చూపించాడు.

"లెసురి కనబడుతోందిగా. అక్కడ వంగి దణ్ణం పెట్టి, ఎడమకి తిరుగు."

"దణ్ణం దేనికండీ?"

"మేమందరం పెడతాం," అన్నాడు తమాగ్.