సోమలింగం వంత

నాకు పాట రాదు. పాటల మీద పెద్ద ప్రేమా లేదు. మా ఆయన సోమలింగం మాత్రం పాట ఉందంటే అన్నం మానేసే మనిషి. సూరత్‌లో, లింబాయత్ పక్కన మేముండే వరస గదుల చాలీలో, ఆదివారం మధ్యాహ్నం సాంచెలు ఆగాయంటే చాలు, మా గుమ్మం ముందు పాటల సంఘం కూడేది. సాంచెలంటే మరమగ్గాలు, మావాళ్లు అలాగే అంటారు. వాళ్లకు చాయ కాచేది నేను. గాఠియా కారప్పూస పొట్లాలు విప్పి పళ్లెంలో పోసేది నేను. గోల భరించలేక పక్కింటి గుజరాతీ ఆవిడ తలుపు వేసుకుంటే, వెళ్లి బతిమాలి వచ్చేదీ నేనే. అందుకని ఈ సంఘం గురించి మాట్లాడే హక్కు నాకుంది. ఎవరేమనుకున్నా సరే.

ఒక్కటే పాట అయితే ఏదోలే అనుకోవచ్చు. వాళ్లు ఒక్క ఊరివాళ్లు కాదు, వాళ్ల పాటలూ ఒక్క తీరువి కాదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కొమురవ్వకు నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, చావింట్లో ఏడుస్తూ పాడేవి, అన్నీ వచ్చు. బ్రహ్మచారి అని సాంచెల వడ్రంగం చేసే అతనికి హార్మోనియం ఉంది. అందులో ఒక మెట్టు పలకదు, ఆ మెట్టు వచ్చిన చోటల్లా తానే నోటితో పలుకుతాడు. మృదంగం వాయించే ఒరియా అతను ఒకడున్నాడు. తెలుగు ముక్క రాదు గానీ ఎక్కడ ఆపాలో ఎక్కడ దంచాలో అతనికి తెలిసినంత మావాళ్లకు తెలియదు. కథ చెప్పే పెద్దమనిషి వెంకటాచలం, సిరిసిల్ల నుంచి వచ్చాడు. నన్ను చెల్లె అంటాడు, మా ఆయన్ను బావ అంటాడు. "మా దిక్కు ఈ పాట గిట్ల పాడరు" అని కొమురవ్వ మొదలుపెడితే, "మీ దిక్కు రాగం బస్సు హారన్ లెక్క ఉంటది" అని వెంకటాచలం అనేవాడు. ఇక ఆ పోట్లాటతోనే చాయ చల్లారిపోయేది.

వాళ్లందరికీ సగం చెవుడు. సాంచెల మోతలో బతికినవాళ్లకు చెవులు మిగలవు. కార్ఖానాలో ఒకరి పెదవులు చూసి ఒకరు మాట అర్థం చేసుకుంటారు, ఇంటికొచ్చినా అదే అలవాటు. మా ఆయనకు ఏదైనా చెప్పాలంటే భుజం తట్టి, మొహం నా వైపు తిప్పుకుని చెప్పాలి. ఆయన చెప్పేటప్పుడు కూడా అంతే, ఎదుటి మనిషికి తన నోరు కనిపిస్తోందో లేదో చూసుకుని గానీ మాట్లాడడు. పాట కూడా అలాగే సాగేది. గుండ్రంగా కూర్చుని అందరూ వెంకటాచలం నోటినే చూసేవాళ్లు. మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లు, వీళ్లు పాడుతున్నారా కొట్టుకుంటున్నారా అని నన్నే అడిగేవాళ్లు.

వీళ్లకు ఒక కథ ప్రాణం. అందులో ఒక చెల్లెలు చీకట్లో ఏరు దాటుతుంటుంది. నీళ్లు మెడ దాకా వస్తాయి, దారి తెలియదు. అవతలి ఒడ్డున ఉన్న అన్న పలికితే, ఆ గొంతును పట్టుకుని నడుస్తుంది. చెల్లెలి పిలుపు వెంకటాచలం పాడతాడు. అన్న జవాబు మా ఆయన వంత. ఆ జవాబు పడకుండా కథ ఆపకూడదంటారు, ఆపితే ఆ పిల్లను నీళ్లలో వదిలేసినట్టేనట. ఇంకో నియమం కూడా ఉంది. వంత పాడే మనిషి బతికుండగా ఆ వంత మరొకరు అందుకోరు. అందుకుంటే ఆ మనిషిని పోయినవాళ్లలో కలిపినట్టు. ఆయన పోయాక, దినాల నాడు, ఆయన ఇంట్లోనే ఇంకొకరు అందుకోవాలి. ఒక ఏడు మా ఆయనకు పచ్చకామెర్లు వస్తే, ఆయన లేచి కూర్చునే దాకా ఆ కథ ఎవరూ ఎత్తలేదు. అప్పుడు నాకు అది గొప్పగానే అనిపించింది.

కరోనా వచ్చిన మొదటి ఏడు సాంచెలు ఆగి సగం మంది ఊళ్లకు పోయారు. మేం పోలేదు. రెండో ఏడు ఎండలు ముదిరేసరికి సాంచెలూ నడుస్తున్నాయి, రోగమూ నడుస్తోంది. సంఘం వాళ్లు మాస్కులు కట్టుకుని పాడదామని చూశారు. మూతి కనబడకపోతే వాళ్లకు పాట ఎక్కడ? ఒకడు ముందుకు పోతే ఒకడు వెనకబడ్డాడు. కాసేపటికి అందరి మాస్కులూ గడ్డాల కిందికి వచ్చాయి. నేను తిట్టాను. "పాడేటప్పుడు రోగం రాదు తియ్ భూదేవి" అన్నాడు మా ఆయన. నవ్వుతూనే అన్నాడు.

ఆ నెలలోనే పడ్డాడు. ముందు జ్వరం, తర్వాత ఆయాసం. అంబులెన్స్ కోసం చూసి చూసి, చివరికి రిక్షాలో తీసుకెళ్లాం. సర్కారు దవాఖాన గేటు దగ్గరే ఆయన్ను లోపలికి తీసుకుని మమ్మల్ని పంపేశారు. నేనూ, నా బిడ్డ సంధ్యా గేటు బయట ఎండలో నిలబడ్డాం. మా కళ్ల ముందే తెల్ల సంచుల్లో కట్టిన శవాలు వరసగా బండెక్కాయి. అవి చూశాక నాకు వేరే ఆలోచన లేదు. ఈ మనిషి ప్రాణంతో ఇంటికి రావాలి, అంతే.

మర్నాడు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, సోమలింగం గారి భార్యేనా? నేను డాక్టర్ మౌక్తికని. మాది తెనాలి. వార్డులో తెలుగు వచ్చింది నాకొక్కదానికే" అంది ఆ అమ్మాయి. "ఆయన ఆక్సిజన్ మాస్కు తీసేస్తున్నారమ్మా. ఎవరు దగ్గరికెళ్లినా తీసి ఏదో చెప్పబోతున్నారు. తీసిన ప్రతిసారీ ఊపిరి పడిపోతోంది. నేను ఎంత గట్టిగా చెప్పినా వినట్లేదు."

"ఆయనకు చెవులు వినరావు డాక్టరమ్మా. మూతి కనబడితేనే సమజైతది. మీరందరు మొత్తం కప్పుకొని ఉన్నరాయె."

"మరి తన మాస్కు ఎందుకు తీస్తున్నారు?"

"మీకు గూడ వినరాదనుకుంటున్నడు. తన నోరు మీకు చూపెడుతున్నడు."

ఆ అమ్మాయి ఆయన మంచం దగ్గరికే వెళ్తానని చెప్పి ఫోన్ పెట్టేసింది. తర్వాత వీడియో కాల్ చేసింది. నేను గుమ్మంలో వెలుతురు పడే చోట నిలబడ్డాను. మా ఆయన కళ్లు లోపలికి పోయాయి, గడ్డం మాసింది, మూతి మీద ఆ ప్లాస్టిక్ డొప్ప. నన్ను చూడగానే చెయ్యి దాని మీదికి పోయింది. నేను గొంతు లేకుండా, పెదవులు మాత్రం కదిలిస్తూ, సాంచెల మధ్య చెప్పినట్టు చెప్పాను. తియ్యకు. తీస్తే పానం పోతది. మాట్లాడకు, తల ఊపు చాలు. ఆయన తల ఊపాడు. చెయ్యి కిందికి దించాడు. నేను ఆ గుమ్మంలోనే కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన మాస్కు ముట్టుకోలేదు. "మీ మాట బాగా విన్నారమ్మా. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంచుకుంటే గట్టెక్కుతారు" అంది డాక్టరమ్మ. రోజూ నేను ఆమె ఫోన్‌లో కనిపించి అదే మాట చెప్పేదాన్ని. కానీ అటు పక్క మంచం మనిషీ, ఇటు పక్క మంచం మనిషీ పోయేసరికి ఈయన గోడవైపు తిరిగి పడుకున్నాడట. తిండి ముట్టడం లేదట. నన్ను చూసినా తల ఊపడం తగ్గించాడు.

ఆ మాట సంధ్య బయట ఎక్కడో చెప్పినట్టుంది, వెంకటాచలం వచ్చాడు. మెట్ల కిందే నిలబడ్డాడు.

"ఆదివారం మనం పాడదాం చెల్లె. ఫోన్ల చూస్తడు. పాట చూస్తే బావకు పానం లేచొస్తది."

"వద్దన్నా. పాట చూస్తే ఆయన నోరు ఆగదు. నోరు తెరవాల్నంటే మాస్కు తియ్యాలె."

"వేరే పాటలు పాడి, ఆఖరికి ఒక్కసారి కథ ఎత్తుత. అందరం కూడి పాడి కథ ఒక్కటి ఇడిచిపెడితే, తన మీద ఆశ ఇడిచిండ్రని అనుకుంటడు. వంత కొమురవ్వ అందుకుంటది. బావ ఊరికె చూస్తే చాలు."

"వేరేటోళ్లు వంత అందుకుంటే పోయినోళ్లల్ల కలిపిండ్రని అనుకుంటడు గద?"

"నువ్వు బావకు ముందుగాల చెప్పు. రోగం దినాలు, గింతకు దేవుడేమనడు."

కొమురవ్వను నేనే అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నీ మొగని పానం కన్న నియమం ఎక్కువనా భూదేవి? అందుకుంట తియ్" అంది. ఆ మాట మీదే నేను ఒప్పుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం మా గుమ్మం ముందు, ఆయనకు నోళ్లు కనబడాలని మాస్కులు తీసి, దూరం దూరంగా కూర్చున్నారు. సంధ్య ఫోన్ పట్టుకుంది. ముందు నేను కనిపించి చెప్పాను. ఈరోజు కొమురవ్వ అందుకుంటది, నువ్వు నోరు తెరవకు, ఇది నీ కోసమే చేస్తున్నం. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. తల ఊపాడు. డాక్టరమ్మ తన ఫోన్‌ను మంచం కడ్డీకి ఆనించి, వేరే మనిషి దగ్గరికి వెళ్లింది.

వాళ్లు పాడారు. కొమురవ్వ నాట్ల పాట ఎత్తుకుంటే ఒరియా అతను ఎప్పటిలాగే ఎవరూ చెప్పకుండా అందుకున్నాడు. బ్రహ్మచారి పలకని మెట్టు దగ్గర నోటితో పలికేసరికి మా ఆయన కళ్లు చిన్నవయ్యాయి, నవ్వుతున్నాడని తెలిసింది. ఆయన వేళ్లు దుప్పటి మీద తాళం వేశాయి. నిజం చెప్పాలంటే ఆ కాసేపు నాకూ ఆ పాటలు తియ్యగా ఉన్నాయి. ఇక ఈ మనిషి ఇంటికి వస్తాడనుకున్నాను. ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు.

అప్పుడు వెంకటాచలం కథ ఎత్తాడు. నీళ్లు మెడ దాకా వచ్చాయి.

"ఎవరున్నరే అవుతలి ఒడ్డున, అన్నా, ఎటు నడువాలె నేను?"

కొమురవ్వ నోరు తెరిచింది. ఫోన్‌లోకి చూసింది. అటు నుంచి మా ఆయన ఆమె నోటినే చూస్తున్నాడు. ఆమె నోరు మూసుకుంది.

"అందుకో అక్కా" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వెంకటాచలం ఆగాల్సింది, ఆగలేదు. కథలో మూడుసార్లు పిలవాలి కాబట్టి రెండోసారీ పిలిచాడు. నేను కొమురవ్వ మొహం ముందుకు వెళ్లి నిలబడ్డాను. "అందుకుంటనంటివి గదనే" అన్నాను. ఆమె కళ్ల నిండా నీళ్లు, పెదవులు మాత్రం బిగబట్టుకుంది. బ్రహ్మచారి హార్మోనియం మీద ఒక్క స్వరాన్నే పట్టుకుని కూర్చున్నాడు. మూడో పిలుపు కూడా పడింది.

"అమ్మా, బాపు" అంది సంధ్య.

మా ఆయన లేచి కూర్చుంటున్నాడు. రెండు చేతులతో ఆ డొప్పను గడ్డం కిందికి లాగాడు.

ఆయన గొంతు మాకు వినబడలేదు. వార్డులో మిషన్ల కూతే వినబడింది. అయితేనేం, అందరూ పెదవులు చదివేవాళ్లే. నేనున్న చెల్లే, నేనిక్కడున్న, గొంతుపట్టి నడిచి రా. అది చూసి సంఘం మొత్తానికి ఒక్కసారిగా ఊపొచ్చింది. ఒరియా అతను మృదంగం దంచాడు. బ్రహ్మచారి ఏడుస్తూ నవ్వాడు. వెంకటాచలం మోకాళ్ల మీద లేచి పాడాడు. ఆ మనిషి ప్రాణం తోడేస్తున్నామన్న సోయి ఒక్కరికీ లేదు.

నేను సంధ్య చేతిలోంచి ఫోన్ లాక్కుని నా మొహం దగ్గర పెట్టుకున్నాను. పెట్టుకో, పెట్టుకో, నీకు దండం పెడతా పెట్టుకో. ఆయన చూడలేదు. వంత పాడేటప్పుడు మా ఆయన కళ్లు మూసుకుంటాడు. కళ్లు మూసుకున్న మనిషికి నేను ఏ దారిన చెప్పను? పెదవులు నీలంగా మారుతున్నాయి, అయినా కదులుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ ఉరికి వచ్చి మాస్కు ఎక్కించబోతే ఆమె చెయ్యి తోసేశాడు. చెల్లెలు ఇంకా ఒడ్డు చేరలేదు మరి. చేరిన చరణం దాకా పాడి, అటే ఒరిగిపోయాడు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసి, ఆయన పోయాడని చెప్పి ఏడ్చింది. ఫోన్ అలా వదిలి వెళ్లడం నాదే తప్పమ్మా అంది. నేను ఆ పిల్లను ఏమీ అనలేదు. దహనం వాళ్లే చేశారు. శ్మశానం గేటు బయటి నుంచి సంధ్య పొగ చూసి వచ్చింది. ఎవరిని కాల్చిన పొగో కూడా తెలియదు.

దినాల నాడు సంఘం వచ్చింది. నేను రమ్మనలేదు, పొమ్మనలేదు. ఫోటో ముందు దీపం పెట్టి గుండ్రంగా కూర్చున్నారు. "బావ కథను నడుమ ఇడిచిపెట్టలేదు చెల్లె. అట్లాంటి సావు ఎవరికొస్తది" అన్నాడు వెంకటాచలం. ఓదార్పనుకున్నాడు కాబోలు. నాకు పొయ్యి మీది చాయ గిన్నె ఎత్తి వాడి నెత్తిన పొయ్యాలనిపించింది. పొయ్యలేదు. వంటింటి గడపలో కూర్చున్నాను.

వాడు కథ ఎత్తాడు. చెల్లెలు మొదటిసారి పిలిచిందో లేదో, కొమురవ్వ అందుకుంది. నేనున్న చెల్లే, నేనిక్కడున్న. ఒక్క తడబాటు లేదు. గొంతు వీధి చివర దాకా పోయింది.

నేను లేచి వెళ్లి ఆమె భుజం తట్టాను. మొహం నా వైపు తిప్పుకున్నాను, నా పెదవులు కనబడేలా.

"ఆ ఆదివారం ఈ నోరు ఏడ పోయిందే అక్కా?"

కొమురవ్వ నా పెదవులను పూర్తిగా చదివింది. కళ్లు తుడుచుకుని, నాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పింది.

"అప్పుడు ఆయన బతికుండె గద భూదేవి."