ఊఫర్ ఆగినప్పుడల్లా

పువొలంక ఊరు దాటి అడవి దారి పట్టారో లేదో, డిక్కీలోని ఊఫర్, పాటకు దడదడలాడే ఆ పెద్ద స్పీకరు, ఆగిపోయింది. ఆ సంగతి ఇల్మో చెవికన్నా ముందు అతని కూతురు పిహ్లాకే తెలిసింది. వెనక సీట్లో ఆ పిల్ల ఒక్క కేక పెట్టి తలను కిటికీకేసి ఠపీమని కొట్టుకుంది.

"అక్కా, తల పట్టుకో! తల!"

"పట్టుకున్నాన్రా! ముందు బండి పక్కకి తియ్యి!" అంది హిల్కా.

పిహ్లాకు తొమ్మిదేళ్లు. పుట్టినప్పట్నుంచీ కళ్లు కనపడవు, చెవులు వినపడవు. పసిగా ఉన్నప్పుడు కారెక్కిస్తే చాలు, చచ్చేంత ఏడ్చేది. ఇల్మో కుర్రతనంలో ఊరు అదిరేలా పాటలు పెట్టుకుని తిరిగిన మనిషి. ఒకరోజు విసిగిపోయి ఊఫర్ పెంచేశాడు. పిల్ల ఏడుపు ఆపి, సీటుకు చెంప ఆనించి అలాగే ఉండిపోయింది. అప్పట్నుంచీ సీటులోంచి వచ్చే ఆ దడదడే దానికి దారీ, తోడూ. అది ఉంటే ముందు సీట్లో నాన్న ఉన్నట్టు. లేకపోతే తనని ఎక్కడో ఒంటరిగా వదిలేసినట్టు.

ఇవాళ దవడ పన్ను చీము పట్టి బుగ్గ ఉబ్బిపోయింది. తిండి తిని మూడు రోజులైంది. మత్తిచ్చి తీయాల్సిందే, అదీ ఔలులో పెద్దాసుపత్రిలోనే. మత్తు డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడన్నారు. పిల్ల తల్లి ఇంట్లో పాలుతాగే పిల్లాడితో కదల్లేక, ఇల్మో అక్క హిల్కాను తోడు పంపింది.

ఇల్మో దిగి డిక్కీ తెరిచాడు. చలి ముక్కులో ముళ్లలా గుచ్చుకుంది. ఆంప్లిఫయర్ నుంచి బండి రేకుకు బిగించిన నల్లతీగను కదిపి చూశాడు. నట్టు వేలితో తిప్పితేనే తిరిగింది. పానా పెట్టి బిగించాడు. దడదడ మొదలైంది. లోపల కేకలు వెక్కిళ్లుగా దిగిపోయాయి.

"ఇంతేనా? ఇన్నేళ్లుగా ఊరందరి చెవులూ పగలగొట్టావు, ఒక్క నట్టు బిగించడం రాలేదట్రా నీకు!" అంది హిల్కా.

ఇల్మోకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కింద నేల గడ్డకట్టి ఉబ్బిన రోడ్డు మీద బండి ఒక్క ఎగురు ఎగిరింది. ఊఫర్ ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. పూర్తిగా ఆగిపోయినా బాగుండేదేమో. వచ్చినప్పుడల్లా పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది, ఆగినప్పుడల్లా నిలువునా వణికి అరుస్తుంది. నాలుగోసారో అయిదోసారో తన మణికట్టునే కొరుక్కోబోయింది. హిల్కా అడ్డం పెట్టిన చెయ్యి పళ్లకింద పడింది.

"ఏదో ఒకటి చెయ్యరా! నా చెయ్యి పోతే పోయింది, దీని నోట్లోంచి రక్తం వస్తోంది!"

మళ్లీ ఆపాడు. చేతి తొడుగులు పీకి మంచులోకి విసిరేశాడు. ఊఫర్ నోరు మూసుకున్నా ఆంప్లిఫయర్ మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు వస్తోంది. పాట తెచ్చే తీగ కదిపాడు, లాభం లేదు. ఊఫర్‌కు వెళ్లే తీగ లాగి మళ్లీ గుచ్చాడు, లేదు. చివరికి ఊఫర్ ముందున్న గరాటులాంటి నల్లమూతి మీద అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కాడు. దడ్‌మంది. చెయ్యి తీశాడు. చచ్చిపోయింది.

మరలు విప్పి ఊఫర్‌ను పెట్టెలోంచి పైకి లేపాడు. మూతికి అంటుకున్న జడలాంటి సన్నతీగ, ఏళ్ల తరబడి ఊగీ ఊగీ పోగులు తెగి, వెంట్రుకల్లాంటి ఒకటో రెండో పోగుల మీద వేలాడుతోంది. చూస్తుండగానే అవీ విరిగాయి.

చుట్టూ పైన్ చెట్లు, మంచు. ఇల్లు లేదు, మనిషి లేడు. అతికించే సామాను ఇంట్లో షెడ్డులో ఉంది. ఇల్మో డిక్కీ అంచు మీద పిడికిలితో గుద్దాడు. మళ్లీ గుద్దాడు. తర్వాత మంచులోనే కూలబడ్డాడు.

"నా వల్ల కాదక్కా. దీన్నిలాగే ఏడిపిస్తూ అంత దూరం తీసుకెళ్లలేను."

"వెనక్కి పోయినా దూరమే. ఏడుపు ఎటు పోయినా ఏడుపే. ఏం తెగిందో చెప్పు."

చెప్పాడు. వేరే తీగలోంచి పోగులు తీసి కట్టొచ్చనీ చెప్పాడు. కత్తితో తీగ గీసి, రాగిపోగులు దువ్వి కట్టబోయాడు. వేళ్లు కొయ్యముక్కలయ్యాయి. పోగు జారింది. ఇంకోటి జారింది. మూడోది మంచులో పడి కనిపించకుండా పోయింది. కారులోంచి వచ్చే అరుపు ఇప్పుడు అరుపులా లేదు, గొంతు బొంగురుపోయి గాలిలా వస్తోంది.

హిల్కా తలుపు తోసుకుని దిగింది. "లే. నువ్వెళ్లి బిడ్డను పట్టుకో. ఇటు తే అది."

"నీకేం తెలుసక్కా ఇది?"

"ఏమీ తెలీదు. ముడెయ్యడం తెలుసు. చలికాలమంతా గడ్డకట్టిన చెరువు మీద చేపల వలలు కట్టేదాన్నిరా నేను, నీలా రేడియో ముందు కూచోలేదు."

ఇల్మో వెనక సీట్లోకి దూరి కూతుర్ని ఒళ్లోకి లాక్కున్నాడు. దాని పిడికిళ్లు అతని గడ్డం మీద పడ్డాయి. అరచేతిలో వేలితో 'నాన్న' అని గుర్తు గీశాడు. మళ్లీ మళ్లీ గీశాడు. అది చేతిని లాగేసుకుంది.

ఎంతసేపైందో తెలీదు. సీటు కింద చిన్నగా ఒక దడ. ఆగింది. మళ్లీ దడ. ఈసారి ఆగలేదు.

"మెల్లగా పెట్టు సౌండు! గుద్దించావంటే తెగుద్ది!" హిల్కా ఎర్రబడ్డ వేళ్లను చంకల్లో పెట్టుకుని అరిచింది. "మూతి ఊగడానికి కాస్త వదులొదిలాను. ఇంక దేవుడి దయ."

మిగతా దారంతా ఇల్మో గుడ్లబుట్ట మోస్తున్నవాడిలా నడిపాడు. వెనక లారీలు హారన్లు కొట్టాయి. రెండుసార్లు దడ తడబడింది, రెండుసార్లూ అతను వేగం ఇంకా తగ్గించాడు. పిల్ల మాత్రం సీటుకు చెంప ఆనించి, రక్తం కలిసిన చొంగ కారుస్తూ, ముక్కుతో సన్నగా మూలుగుతోంది.

ఆసుపత్రి ముందు ఆపి, ఇల్మో లోపలికి పరిగెత్తాడు. నర్సు గడియారం చూసి, అతని మొహం చూసి, "డాక్టరుగారు వెళ్లిపోడానికి కోటు తొడుక్కుంటున్నారు. ఆపుతాను. పాపను వెంటనే తీసుకురండి" అంది.

బండి దగ్గరికొచ్చి, ఇంజనుతో పాటు ఊఫర్‌నూ ఆపే తాళం మీద చెయ్యి వేశాడు. తిప్పలేకపోయాడు. పొద్దుట్నుంచీ ఆ నిశ్శబ్దం పిల్ల మీద చెప్పాపెట్టకుండా పడుతూనే ఉంది. ఇప్పుడు తన చేత్తోనే ఇంకోసారా?

"అక్కా, నువ్వు ముందు సీట్లో కూచో. నే చెప్పినప్పుడు సౌండు తగ్గించు. మెల్లగా. చాలా మెల్లగా."

పిహ్లాను ఎత్తుకుని డిక్కీ దగ్గరికి తెచ్చాడు. దాని అరచేతిని ఊఫర్ మూతి మీద పెట్టి, పైన తన చెయ్యి మూశాడు. "ఊఁ" అన్నాడు.

దడ చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. చివరికి చర్మం కింద చీమ నడిచినట్టై, అదీ పోయింది. ఇల్మో కళ్లు మూసుకుని కేక కోసం ఎదురుచూశాడు.

పిహ్లా వేళ్లు ఆ మూతి మీద అటూ ఇటూ వెతికాయి. ఒకసారి నొక్కి చూశాయి. తర్వాత అతని చొక్కా కాలరు దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకున్నాయి. ఒళ్లంతా వణుకుతోంది గానీ, అరవలేదు.

"పోరా, నిలబడిపోయావేం!" అంది హిల్కా. అతను లోపలికి పరిగెత్తాక, ఆమె డిక్కీలోకి వంగి, తిరుగుదారి కోసం ఇంకో నాలుగు పోగులు దువ్వడం మొదలుపెట్టింది.