జ్వరం విడిచింది, పోశక్క లేవలేదు

పోశక్కది ఒళ్లు బద్ధకమని అన్నవాళ్లంతా ముందుకు రండి. జ్వరం పట్టిన ఐదో రోజుకే ఆమెను నాట్లలోకి దింపిన రైతులారా, జ్వరం దిగిందో లేదో కాగితం మడిచి పైకి పంపిన అధికారులారా, ఇవాళ ఆమెను గట్టు మీద కూలేసింది మీరే. రేగుంట ఊరి ఆశా కార్యకర్త సరిత కూడా మీలో ఒకతే. ఆ సంగతి ఆమెకు తెలుసు.

వానల్లో ఊరంతా దగ్గుజ్వరం పాకింది. సరిత ఇల్లిల్లూ తిరిగి నలభై ఒక్క పేర్లు రిజిస్టరులో రాసింది. జ్వరం విడిచిన ప్రతి పేరు పక్కన, ఊరు మహారాష్ట్రలోది కాబట్టి మరాఠీలో ‘బరీ’, అంటే నయమైందని రాసి గీత కొట్టింది. అట్లా రాయమనే పైనుంచి చెప్పారు. తిరిగి తిరిగి తనకూ అంటుకుంది. నాలుగు రోజులు మూలిగి లేచి, తన పేరు పక్కన కూడా అదే రాసుకుని మళ్లీ ఇళ్లు తిరిగింది.

ఇప్పుడు కోతలు. మూడు నెలలు దాటింది. కొడవలి పట్టి రెండు బారలు కోసేసరికి పోశక్క చతికిలబడుతోంది.

ఆ సాయంత్రం కోతల ముఠా పెద్ద రాజవ్వ ఆమెను వెంటబెట్టుకుని సరిత ఇంటికొచ్చింది. పోశక్క వచ్చీ రాగానే గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఏందే సరితా, నీ కాగితంల ఈమెకు నయమైందని ఉన్నదట. మరి పొలంల మహారాణి లెక్క కూసుంటది! ఈమె వంతు మునుం గూడ మేమే కొయ్యాల్నా? రేపు ఇంకొకామెను దెచ్చుకుంట.”

“నేనేమన్న నాటకమాడుతున్ననా వదినె?” పోశక్క గొంతు కూడా అలిసిపోయి ఉంది. “పండుకుని లేచినా పండనట్టే ఉంటది. బిందెడు నీళ్లు తెస్తె ఆ పూట ఇగ అంతే. జర నువ్వన్న చెప్పు బిడ్డా.”

సరితదీ అదే అవస్థ. పొద్దున వాకిలి సగం ఊడ్చి, చీపురు చేతిలో ఉండగానే తనూ కూర్చుండిపోయింది.

“రేపు దవాఖాన మీటింగుల డాక్టర్ను అడుగుత. అందాక ఆమె జాగ ఎవ్వలకియ్యకత్తా.”

“ఒక్క దినం. కోతలు నా కోసం ఆగుతయా?” అని రాజవ్వ వెళ్లిపోయింది.

మర్నాడు దవాఖాన మీటింగులో డాక్టర్ వినయ్‌కుమార్ ఆ పక్క ఊరివాడే. సరిత అడిగితే తొందరపడకుండా చెప్పాడు.

“అందరికీ ఇట్ల కాదు. జ్వరం గట్టిగ పట్టినోళ్లకు, ఆడోళ్లకు ఎక్కువ. ముందే దమ్మో షుగరో ఉన్నోళ్లకు, మనసుల రంది ఉన్నోళ్లకు ఎక్కువ. ఒళ్లు కుదుటపడకముందే బరువు పనిల పడితె కొందరికి తిరగబెడ్తది. రక్తం తక్కువున్నా గుంజుతది, పరీక్ష చేసి చూడాలె. బద్ధకం మాత్రం కాదమ్మా.”

పోశక్కకు చిన్నప్పటి నుంచీ దమ్ము, అంటే ఉబ్బసం. జ్వరంలో పడుకోలేక కూర్చునే కునికింది. నిరుడు కూతురు పోయింది. దగ్గు తగ్గకముందే బురదలో వంగింది. ఇవన్నీ సరిత కళ్లముందు జరిగినవే. కాగితంలో గడి లేదని రాయలేదు. ఆ సిగ్గు ఆమె మెడ వంచేసింది.

మీటింగు నడిపే పర్యవేక్షకురాలు విసుక్కుంది. “ఆ లిస్టు బంద్ అయింది, జిల్లాకు పోయింది. ఇప్పుడు తాప్, జ్వరం ఉన్నదా? లేదు కదా. కూర్చో.”

సరిత కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తన రిజిస్టరు తెరిచి పోశక్క పేరు పక్కన తను రాసిన ‘బరీ’ని కొట్టేసింది. “నయం కాలేదు” అని తెలుగులో రాసింది. తన పేరు పక్కనా అదే రాసింది.

“నేను తప్పు రాసిన, దిద్దిన. ఇగ మీ వంతు. పోశక్కకు దమ్మున్నదని, విశ్రాంతి కావాల్నని ఇప్పుడే, ఈ పూటనే రాసియ్యుండ్రి. చీకటి పడకముందే రాజవ్వ చేతుల పెడ్త. ముఠాల ఆమె జాగ ఆమెకే ఉండాలె. కొడవలి పట్టేదాక ఆమె కూలి సర్కారే ఇయ్యాలె. ఈ వారంలనే డాక్టర్ సాబ్ రేగుంటకు రావాలె, నలభై ఒక్కమందినీ మళ్ల చూడాలె, రక్తం పరీక్ష చెయ్యాలె. కలం తియ్యుండ్రి మేడం, రాయుండ్రి!”