మేకపిల్ల ఉన్న ఇల్లు

కార్తీకమాసం వచ్చిన వారానికి, ఒక సాయంత్రం, నాలుగేళ్ళ దుర్గాసాయి పాలగ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుని, "ఇంక మా ఇంటికెళ్దామా అమ్మా" అని అడిగాడు. అడిగింది వాళ్ళింట్లోనే, వాడి మంచం మీదే కూర్చుని.

దేవిశ్రీ నవ్వింది. ఇదే కదా నాన్నా మన ఇల్లు అంది. వాడు చుట్టూ ఒకసారి చూసి, ఇది కాదు, మేకపిల్ల ఉన్న ఇల్లు, అన్నాడు. కొవ్వూరులో మూడో అంతస్తులో ఉన్న ఆ రెండు గదుల ఫ్లాట్‌లో మేకపిల్ల కాదుగదా పిల్లికూన కూడా లేదు. ఏ టీవీలోనో చూసుంటాడనుకుని ఆమె గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్కడితో ఆగిపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదు. మర్నాటికి మేకపిల్లకి రాణి అని పేరొచ్చింది. ఆ పైరోజుకి ఇంటికి రేకుల కప్పు, గుమ్మం పక్కన నీళ్ళ గోలెం వచ్చాయి. ఇంకో నాలుగు రోజులకి చేపల పులుసు కూడా వచ్చింది. కార్తీకమాసంలో నీచు మాటెత్తితేనే చెవులు మూసుకునే ఇంట్లో, "అక్కడమ్మ చింతకాయలేసి చిన్నచేపలు వండుద్ది" అని వాడు లొట్టలేస్తూ చెప్పాడు. వండుద్ది అన్న మాట కూడా ఆ ఇంట్లోది కాదు. చేపల సంగతి ఎలా ఉన్నా, ఆ 'అక్కడమ్మ' మాత్రం దేవిశ్రీ గొంతులో ముల్లులా దిగబడింది.

దేవిశ్రీ రాజమండ్రిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున్న ఏడున్నరకి స్కూటీ మీద బ్రిడ్జి ఎక్కితే, మంచులో గోదావరి ఎటుందో కూడా కనిపించదు. మళ్ళీ ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది. బయల్దేరేటప్పుడు పిల్లాడు చున్నీ పట్టుకుని ఏడుస్తాడు. ఆమె వాడి బుగ్గ మీద రెండుసార్లు తట్టి, "ఏడవకు నాన్నా, సాయంత్రం వచ్చేస్తాగా" అని చెప్పి, వెనక్కి చూడకుండా మెట్లు దిగేస్తుంది. చూస్తే వాడి ఏడుపు రెట్టింపవుతుందని ఆమెకి అనుభవం. ఈ మధ్య వాడు ఏడవడం మానేశాడు. పోన్లే, పెద్దవాడవుతున్నాడు అని సంతోషించింది కూడాను. ఇప్పుడు ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

భర్త సత్యప్రసాద్ భీమవరం వైపు రొయ్యల చెరువుల చుట్టూ తిరిగే మేత కంపెనీ ఉద్యోగి. ఇంటికి ఆదివారం ఆదివారం వస్తాడు. ఫోన్లో చెబితే, పిల్లలన్నాక కథలల్లుతారు, నేనూ చిన్నప్పుడు విమానం తోలానని చెప్పేవాణ్ణట, అని నవ్వేశాడు. విమానానికి చింతకాయ పులుసు వాసన ఉండదని ఆయనకెలా చెప్పడం?

ఇంట్లో ఉండి పిల్లాణ్ణి చూసుకునే అత్తగారు రత్నమాణిక్యం మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "అయిదేళ్ళొచ్చేదాకా కొందరు పిల్లలకి పోయిన జన్మ గుర్తుంటుందమ్మాయ్. మా పెత్తల్లి మనవడికి అలాగే ఉండేది. కార్తీక సోమవారం గోదాట్లో మూడు మునకలేయిస్తే అన్నీ కొట్టుకుపోతాయి."

దేవిశ్రీ బీఎస్సీ చదివింది. రోజుకి అరవైమంది నెత్తురు చూసి ఎవరికేముందో చెప్పే చోట పనిచేస్తుంది. అయినా కన్నకొడుకు దగ్గరికొచ్చేసరికి ఆ చదువంతా ఎటుపోయిందో, నిజమేనేమో అనిపించింది. పోయిన జన్మలో వీడికో తల్లి ఉందేమో, ఆవిడ దగ్గరికే పోతానంటున్నాడేమో. అంతలోనే, ఛీ, నేనేంటి ఇలా తయారయ్యాను అనిపించింది. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆమె పని. వాడు పుట్టిన ఎనిమిదో నెలలోనే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. వాడి మొదటి అడుగు అత్తగారు ఫోన్లో తీసిన వీడియోలో చూసింది. మొదటి పన్ను సంగతి పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. వాడి మెలకువలో తను చూసేది రోజుకి మూడు గంటలు. మిగతా గంటల్లో వాడికో జన్మే గడిచిపోతుంటే తనకి తెలిసే దారేది?

సోమవారం గోష్పాదక్షేత్రం రేవులో మూడు మునకలూ వేయించారు. పళ్ళు టకటకలాడుతుంటే వాడు మెట్లెక్కి, గట్టు కిందికి వేలు చూపించి, "ఇటే కదా మా ఇల్లు" అన్నాడు. ఆ క్షణంలో రత్నమాణిక్యం మొహం చూసినవాళ్ళకి సగం సంగతి అర్థమైపోయేది. దేవిశ్రీ వంగి పిల్లాడి తల తుడుస్తోంది.

మునకలకి జన్మ పోలేదుగాని జలుబొచ్చింది. మంగళవారం సాయంత్రం వాడి స్వెట్టర్ ఉతకబోతే పొగ వాసన కొట్టింది. ఇంట్లో గ్యాస్ తప్ప కట్టెల పొయ్యి లేదు. మోచేతి మడతలో ఏదో మెరుస్తుంటే, చెమ్కీ అనుకుని గోటితో తీసింది. చేప పొలుసు. పోయిన జన్మ నుంచి పొలుసులు రావు. ఆమాత్రం సైన్సు ఆమెకి మిగిలే ఉంది.

బుధవారం సగంపూట సెలవు పెట్టి, మొహానికి చున్నీ చుట్టుకుని, పన్నెండింటికి సాయి స్కూలు గేటు ఎదురుగా నిలబడింది. ఎల్‌కేజీ పిల్లల్ని ఆటో బుల్లబ్బాయి ఎక్కించుకున్నాడు. ఒక్కొక్కర్నీ ఇళ్ళ దగ్గర దింపాడు. దేవిశ్రీ వాళ్ళ వీధి మలుపు వచ్చింది. ఆటో తిరగలేదు. తిన్నగా వెళ్ళి గోదావరి గట్టు దిగింది. ఆమె అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకుంటూ వెనకాలే స్కూటీ పోనిచ్చింది.

రేకుల కప్పు. నీళ్ళ గోలెం. గుంజకి కట్టేసిన తెల్ల మేకపిల్ల.

సాయి ఆటో దిగి బూట్లు విప్పి గోడవార పెట్టాడు. గోలెం దగ్గరికెళ్ళి చెంబుతో కాళ్ళు కడుక్కున్నాడు. చాప మీద మఠం వేసుక్కూర్చుని, ఒకామె కంచంలో అన్నం పెట్టగానే తన చేత్తో కలుపుకుని తిన్నాడు. ఇంట్లో వాడికి ఫోన్లో బొమ్మలు చూపిస్తే తప్ప ముద్ద దిగదు. కాళ్ళు కడగాలంటే ఇద్దరు పట్టుకోవాలి. దేవిశ్రీ గుమ్మం బయట నిలబడి ఇదంతా చూసింది. మొహానికి చుట్టుకున్న చున్నీ విప్పింది.

బుల్లబ్బాయి చూసి గాభరాగా లేచాడు. "పెద్దమ్మగారే మూడింటికి తెమ్మన్నారండి. ఈ నెల్లాళ్ళూ రేవులో పారాయణకి వెళ్తన్నారు కదండి. మీకు తెలుసనుకున్నానండి. అందాకా పసోణ్ణి ఆటోలో ఎక్కడ కూచోబెడతానండి? ఆకలికి ఏడుస్తాంటే ఇంటికి తెచ్చేశాను."

అతని భార్య వీరదుర్గ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఈ నెల మీరు నీచు ముట్టరని తెలుసమ్మగారండీ. బాబు మా కంచాల్లో చూసి అడిగితే కాదన్లేకపోయాను. తప్పయితే మన్నించండి."

అప్పుడు బోధపడింది పూర్వజన్మ సంగతి. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టు, అత్తగారు తన పారాయణ బయటపడకుండా పోయిన జన్మని అడ్డం పెట్టింది. పిల్లాడు ఎక్కడుంటున్నాడో ఆవిడక్కూడా సరిగ్గా తెలియదు, అడగడానికి భయపడింది. మరి కోపం ఎవరి మీద? నాలుగేళ్ళూ వాణ్ణి సాకి, ఒక్క నెల పుణ్యం చేసుకుందామనుకున్న ముసలావిడ మీదా? ఆకలేసిన పిల్లాణ్ణి ఇంటికి తీసుకెళ్ళినవాడి మీదా? కోపమంతా వీరదుర్గ మీదే వస్తోంది, వాడికి అంత బాగా అన్నం పెట్టినందుకు. అది పైకి అనగలిగే మాట కాదు.

సాయి ఏమీ ఆశ్చర్యపోలేదు. నువ్వూ వచ్చావా అని తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. ఇది రాణి, ఇది నా చాప, ఇక్కడ నా కంచం అని చుట్టాలకి ఇల్లు చూపించినట్టు చూపించాడు. మా అమ్మకి కూడా అన్నం పెట్టు అని వీరదుర్గతో చెప్పాడు. ఆకలిగా లేదంది దేవిశ్రీ. తినకపోతే రాణి తినేస్తుంది అని వాడు వేలు చూపించి బెదిరించాడు. ఆ బెదిరింపు ఎవరిదో తెలుస్తూనే ఉంది. ఆమె కూర్చుని తింది. పెళ్ళయ్యాక కార్తీకంలో నీచు ముట్టడం అదే మొదలు. పులుసు చాలా బాగుంది, అది ఇంకా కష్టంగా తోచింది.

చెయ్యి కడుక్కుని, పద నాన్నా ఇంటికెళ్దాం అంది. వాడు చెయ్యి వెనక్కి లాక్కుని మేకపిల్ల పక్కన నిలబడ్డాడు. బలవంతంగా ఎత్తుకుపోవచ్చు, తల్లే కదా. ఎత్తుకుపోతే, ఈ సాయంత్రం వాడు ఇంటికెళ్దామా అని అడిగినప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. రేపటి నుంచి ఏం చెయ్యాలో అంతకన్నా తోచలేదు. తనకి తెలియకుండానే కళ్ళు నిండాయి.

సాయి అది చూశాడు. దగ్గరికొచ్చి, మునివేళ్ళ మీద లేచి, ఆమె బుగ్గ మీద రెండుసార్లు తట్టాడు.

"ఏడవకు అమ్మా. సాయంత్రం వచ్చేస్తాగా."

ఆ మాట చెప్పి గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అలా చూడకూడదని వాడికి ఎవరు నేర్పారో దేవిశ్రీకి తెలుసు.