తోడల్లుడి అంజూర కొమ్మ

ఆదివారం వచ్చిందంటే, కాలిన మోటార్లకి తీగ చుట్టే వైండింగాయనకి కడుపులో కుంపటి రాజుకునేది. పెళ్ళాం పొద్దున్నే పనులన్నీ చుట్టబెట్టేసి, తల దువ్వుకుని, చెల్లెలింటికెళ్ళొస్తానని చెప్పులేసుకునేది. వెళ్ళేది చెల్లెలి కోసమైతే ఆయనకి బాధ ఉండేది కాదు. వెళ్ళేది చెట్టు కోసం.

ఆ చెట్టు మామగారిది. అద్దింటి వెనక గోడవారగా ఆయన పెంచిన అంజూర. ఆయన పోయాక యజమాని ఇల్లు పడగొట్టించాడు, దాంతోపాటే చెట్టూ పోయింది. అంతకుముందే సామాన్లు తెచ్చుకోవడానికి అల్లుళ్ళిద్దరూ వెళ్ళారు. పెద్దల్లుడు వైండింగాయన ఇనప బీరువా ఎత్తుకొచ్చాడు. చిన్నల్లుడు దర్జీ ఓ కొమ్మ కోసి తడిగుడ్డలో చుట్టుకొచ్చాడు. బీరువా ఎవడికి దక్కింది, పుల్ల ఎవడికి దక్కింది అని ఆ రోజు దారి పొడుగునా నవ్వుకున్నాడు వైండింగాయన. ఇప్పుడు బీరువా తలుపు తుప్పుపట్టి మూసుకోదు. పుల్లేమో దర్జీ మేడమీద పెద్ద కుండీలో చెట్టై కూర్చుని కాస్తోంది.

పెళ్ళాం వస్తూ వస్తూ రెండు పళ్ళు తెచ్చేది. అచ్చం నాన్న చెట్టు రుచే అంటూ ఒకటి ఆయన చేతిలో పెట్టేది. అంతటితో ఊరుకుంటే బాగుండును. మరిది కుండీని ఎండకెలా జరిపాడో, ఆకుల కింద పురుగునెలా ఏరాడో అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. పండు నాలిక మీద తియ్యగానే ఉండేది, గొంతు దిగేసరికి కారమయ్యేది. ఎన్ని చచ్చిన మోటార్లకి తను ప్రాణం పోశాడు! ఒక్క మోటారు గురించైనా ఈవిడ ఇంత ముచ్చటగా చెప్పుకుందా?

అదే చెట్టు తన ఇంట్లో ఉంటే ఆదివారం పెళ్ళాం ఇల్లు కదలదు. మెచ్చుకునేదేదో తననే మెచ్చుకుంటుంది. ఆయనకి కావలసింది అంతే. కొమ్మ అడిగితే దర్జీ ఇవ్వడా అంటే ఇస్తాడు, నవ్వుతూ ఇస్తాడు. తన తర్వాత ఆ ఇంటికి అల్లుడైనవాడి ముందు చెయ్యి చాపడం కంటే ఆ చెయ్యి నరుక్కోవడం మేలనుకున్నాడు.

మొదట పళ్ళలోంచి గింజలు తీసి మట్టిలో చల్లాడు. ఒక్కటీ మొలవలేదు. దర్జీ కావాలనే పళ్ళు ఉడకబెట్టి పంపుతున్నాడేమోనని కూడా అనుమానపడ్డాడు. షాపు ఎదుట మొక్కలమ్మే అతన్ని అడిగితే, అంజూరకి గింజతో పనికాదు, కొమ్మ పాతాలి, పైన కోసిన మొన ఆరిపోకుండా మూసెయ్యాలి అన్నాడు. ఆ చివరి మాట దగ్గరే వైండింగాయన బుర్ర తన పని మీదికి పరిగెత్తింది. ఆరిపోకుండా మూయడం ఒకరు నేర్పాలా తనకి?

ఆ ఆదివారం తనూ వస్తానన్నాడు. పెళ్ళాం ఎగాదిగా చూసింది. అక్కడ అందరూ కబుర్లలో ఉండగా గాలికని మేడెక్కి, జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి, మంచి కొమ్మ ఒకటి పుటుక్కుమనిపించాడు. తెగినచోట కారిన పాలు చొక్కాకి జిగురులా అంటుకున్నాయి. కొమ్మ మాత్రం పనిముట్ల సంచిలో క్షేమంగా ఇల్లు చేరింది.

మర్నాడు షాపులో దాన్ని కాయిల్‌ని చూసుకున్నట్టు చూసుకున్నాడు. కాయిళ్ళకి చెమ్మ తగలకుండా పూసే వార్నిష్ డబ్బాలో ఒక మొన ముంచి, బల్బు వేడికి ఆరబెట్టాడు. ఒక చివర పూసి రెండో చివర వదిలేస్తే అది పనెలా అవుతుందని, తిప్పి రెండోదీ ముంచాడు. ఎవరో కస్టమర్ ఇచ్చాడని పెళ్ళానికి చెప్పి పెరటి కుండీలో పాతాడు.

తనలో దాచుకున్న సత్తువతోనే కొమ్మ రెండాకులు విప్పింది. పెళ్ళాం ముక్కున వేలేసుకుంది. ఆ ఆదివారం చెల్లెలింటి ఊసెత్తకుండా కుండీ పక్కనే పీటేసుకుని కూర్చుంది. వైండింగాయన ఛాతీ జానెడు పెరిగింది. అటు దర్జీ ఇంట్లో మాత్రం కొమ్మ పోయిందని గొడవైంది. మేడమీద బట్టలారేసుకునే పక్కవాటా ఆవిడే విరిచిందని మరదలు మాట తూలింది, రెండు వాటాలకీ మాటల్లేకుండా పోయాయి. ఆ సంగతి పెళ్ళాం చెబుతుంటే ఈయన తేలు కుట్టిన దొంగలా తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

మూడో ఆకు రాకుండానే ఆ రెండూ వాలిపోయాయి. ఎండ ఎక్కువైందన్నాడు, నీళ్ళు చాల్లేదన్నాడు. పెళ్ళాం ఓపికపట్టి పట్టి చివరికి కొమ్మ పట్టుకుని లాగింది. పిల్లాడి చేతిలోంచి బలపం వచ్చినట్టు వచ్చేసింది.

"ఇదేంటండీ, అడుగు గాజులా మెరుస్తోంది?"

"వార్నిష్."

"వేరెక్కణ్ణించి వస్తుందనుకున్నారు?"

ఆవిడ మొనని వెలుతురుకి తిప్పి చూసింది. రెండు పక్కలా నొక్కి తెంపిన గాటు. అలాంటి గాటే దర్జీ ఇంటి చెట్టు మీద కూడా చూసొచ్చింది.

"పాపం, ఆ పక్కవాటా ఆవిడ," అంది మెల్లిగా. "అడిగితే ఇచ్చేవాడు కదండీ."

"ఇస్తాడనే అడగలేదు."

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. వచ్చే ఆదివారం మీరే వచ్చి మీ నోటితో చెప్పండి, ఆ పక్కవాటా ఆవిడ ముందే చెప్పండి, లేదంటే నేను చెబుతాను అంది. పెళ్ళాం చెబితే ఏ వరసలో చెబుతుందో తలుచుకుని వైండింగాయన తనే వెళ్ళాడు.

మేడమీద, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి చెప్పాడు. పక్కవాటా ఆవిడ మరదలి వంక ఒక చూపు చూసి, తడిబట్టల బకెట్టెత్తుకుని దిగిపోయింది. మరదలు ఆవిడ వెంటపడి వెళ్ళింది. దర్జీ తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండును, తిరిగి నాలుగు తిట్టేవాడు.

"ఈపాటి దానికి దొంగతనమేంటన్నయ్యా," అంటూ దర్జీ నవ్వేసి, కత్తెర తెచ్చి, అన్నిట్లోకీ లావుపాటి కొమ్మ చూసి కోశాడు. "కింద మాత్రం ఏమీ పుయ్యకు. కోపమొస్తే పైన పుయ్యి."

పక్కనే ఉన్న పెళ్ళాం కూడా నవ్వింది. ఆ నవ్వు ఆయన వీపు మీద వాత పెట్టినట్టు తగిలింది.

ఆ కొమ్మ బతికింది. ఆకు తర్వాత ఆకు వేసింది. పెళ్ళాం ఆదివారాలు ఇంట్లోనే ఉంటోంది, ఆయన కోరుకున్నట్టే. ఒకరోజు కొత్త చిగురు వేలితో నిమురుతూ, "ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా మరిది చెయ్యి మంచిది," అంది.

"రోజూ నీళ్ళు పోసేది నేను."

"మీరు కాకపోతే ఎవరు పోస్తారు? కాస్త ఇటుపక్క కూడా పొయ్యండి."

వైండింగాయన చెంబెత్తి ఇటుపక్క పోశాడు. చిగురు వంక మాత్రం చూడలేదు. చూస్తే అందులో దర్జీ మొహమే కనిపిస్తోంది.