నీలంగి

నిండిన కండెను ఊడబీకి బుట్టలో పడేసి, ఖాళీదాన్ని కదురుకు తొడిగి పోగు అందించింది వజ్రమ్మ. ఆ పని చేతులు చేసుకుపోతున్నాయి. ఆమె మాత్రం పాడుతోంది. ముక్కు మీద, కనుబొమల మీద దారపు నూగు తెల్లగా పేరుకుంది. తుడుచుకుంటే మళ్లీ పడుతుంది కాబట్టి తుడుచుకోవడం ఎప్పుడో మానేసింది.

సూరత్ డిండోలిలోని ఆ కార్ఖానాలో సాంచాలు అనే మరమగ్గాలు నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అక్కడి మనుషులు గొంతుతో కాదు, పెదవులతో మాట్లాడుకుంటారు. చెవులతో కాదు, కళ్లతో వింటారు. అందుకే వజ్రమ్మ పాడేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకుంటుంది. గొంతును సాంచాలు దాచిపెడతాయి, పెదవులను గోడ దాచిపెడుతుంది.

దాచుకోవలసిన పాటే అది. పాట అని ఊరికే అనుకోవడం గానీ, అది శోకం. ఆమె పుట్టిన సిరిసిల్ల వైపు ఎవరైనా చనిపోతే ఆడవాళ్లు పోయినవాళ్ల పేరు పెట్టి, వాళ్ల ముచ్చట్లు ఎత్తి, రాగం తీసి ఏడుస్తారు. కర్మకాండతో పాటు ఆ ఏడుపూ ఇల్లు దాటిపోవాలి. చావు లేని ఇంట్లో శోకం ఎత్తితే చావును పేరు పెట్టి పిలిచినట్టేనని ముసలమ్మలు భయపెడతారు. వజ్రమ్మ కూడా ఆ భయంతోనే పెరిగింది.

సూరత్ వచ్చిన కొత్తలో, ఒక వానాకాలం, ఆమె కొడుకు సోము జ్వరంతో పోయాడు. ఇంకా బడికి కూడా పోని పిల్లాడు. గది చుట్టూ రాత్రి పాళీ చేసివచ్చి నిద్రపోతున్న ముక్కూమొహం తెలియని మనుషులు. ఆమె నోరు తెరవగానే మొగుడు పరమేశ్వర్ అరచేత్తో గట్టిగా మూసేశాడు. "మెల్లగనే... మెల్లగ. గదిల నుంచి ఎల్లగొడ్తరు" అన్నాడు. మర్నాడు అతను సాంచాల మీదికి పోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో సోము పేరు ఎవరూ ఎత్తలేదు. తర్వాత పుట్టిన హారతికి తనకొక అన్న ఉండేవాడన్న సంగతే తెలియదు.

నోట్లో ఆగిపోయిన ఆ శోకాన్ని వజ్రమ్మ కండెలు చుడుతూ, ఏళ్ల తరబడి, ముక్కముక్కగా కట్టుకుంది. పరమేశ్వర్ చెవిన మాత్రం అది పడకూడదు. పడితే అతనికి తన అరచేయి గుర్తొస్తుంది. ఆ కాపురమంతా ఈ ఒక్క జాగ్రత్త మీదే నడిచింది.

అతని చెవిన పడే ప్రమాదమూ తక్కువే. పరమేశ్వర్ చెవుల్లో ఎప్పుడూ దూది ఉంటుంది. కార్ఖానాలో సరే, అన్నం తినేటప్పుడు, పడుకునేటప్పుడు కూడా తీయడు. ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. నిజంగా చెప్పాలనుకుంటే అతని ఎదురుగా నిలబడి పెదవులు కదపాలి. అతనిది రాత్రి పాళీ, ఆమెది పగటి పాళీ. పొద్దున్నే కార్ఖానా గుమ్మంలో ఎదురుపడతారు. అతను ఖాళీ టిఫిన్ చేతికిస్తాడు, ఆమె ఇంటి తాళం చేతికిస్తుంది. మాటలక్కర్లేని కాపురం. వేరే ఆడదైతే మొత్తుకునేది. వజ్రమ్మ అదే అదృష్టమనుకుంది.

హారతి మాత్రం ఈ ఇద్దరికీ ఎట్లా పుట్టిందో గానీ, నోరు మూసుకుని ఉండలేని పిల్ల. పగలు బట్టల మార్కెట్‌లో చీరల ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టే ఉద్యోగం, సాయంత్రమైతే గిటారు. ఏ కంపెనీ అండా లేకుండా సొంతంగా పాటలు కట్టుకుని ఆల్బమ్ తీస్తానంది. మైకు పట్టుకుని కార్ఖానాకొచ్చి సాంచాల మోత రికార్డు చేసుకుంటుంటే అవి నడిపే కారీగర్లు పడీపడీ నవ్వారు. "బంగారమో వెండో ఎత్కపోతరు గానీ, సప్పుడు ఎత్కపోతున్నదేందిర గీ పోరి!" అన్నాడు సాంచాల మాస్టర్ రాజలింగం.

స్టూడియో కతర్‌గామ్‌లో, వజ్రాలు సానబట్టే ఒక యూనిట్ మీది అంతస్తులో. కింద సానరాళ్లు ఆగితేనే పైన పాట. జయదేవ్ అని, రైల్వే ఉద్యోగి కొడుకు, అక్కడ రికార్డింగ్ చూస్తాడు. బతుకమ్మ పాటొకటి పాడించాలని హారతి తల్లిని ఒక ఆదివారం అక్కడికి తీసుకుపోయింది. తలుపు వేయగానే వజ్రమ్మకు ఊపిరాడలేదు. అంత నిశ్శబ్దం ఆమె జన్మలో వినలేదు. నోరు తెరిచింది, గొంతు రాలేదు. చివరికి జయదేవ్‌కే ఉపాయం తట్టింది. హెడ్‌ఫోన్స్ పెట్టి, హారతి పట్టుకొచ్చిన సాంచాల మోతే ఆమె చెవుల్లోకి వదిలాడు. అప్పుడు పాడింది. పాట అయ్యాక కూడా అద్దం అవతల పిల్లలిద్దరూ ఏదో మాట్లాడుకుంటుంటే, ఆ మోత వింటూ అక్కడే చాలాసేపు కూర్చుంది.

ఆల్బమ్ పోయిన వారం బయటికొచ్చింది. పేరు 'డిండోలి పాటలు'. సూరత్‌లోనే కాదు, హైదరాబాదులో కూడా వింటున్నారట. హారతి మాత్రం పొద్దున్నే బిందె పట్టుకుని కుళాయి దగ్గర వరసలో నిలబడుతోంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. "ఆఖరి పాట నువ్వు ఇప్పుడే వినకు అవ్వా, సర్‌ప్రైజ్" అంది తల్లితో. తన బతుకమ్మ పాటే అయ్యుంటుందని వజ్రమ్మ మురిసిపోయింది.

మధ్యాహ్నం వజ్రమ్మ అన్నానికి అదే వీధిలోని ఇంటికి బయల్దేరింది. పక్కింటి ప్రసన్న గడప పక్కన చీరతో కట్టిన తొట్టెల మెల్లగా ఊగుతోంది. అందులో నెలల పిల్లాడు. వాడి తలాపున ఫోను. ఫోనులోంచి ఎవరో ఆడమనిషి శోకం పెడుతోంది.

ఎవరిదీ గొంతు, ఇంత గోస ఎవరికొచ్చింది అనుకుంది వజ్రమ్మ. తన గొంతు తనే ఏనాడూ వినలేదు మరి. వెనకాల సాంచాల మోత, దాని మీద సన్నగా తంత్రుల నాదం. మాటలు సగం సగం వినబడుతున్నాయి. 'పచ్చంగి తొడిగిన కొడుకా...' అన్న మాట మాత్రం విడిగా, స్పష్టంగా వచ్చింది.

అది తను సోము మీద కట్టుకున్న మాట. తొట్టెలలోంచి ఫోను లాక్కుని బయటికి విసిరికొట్టింది. పిల్లాడు గుక్కపట్టాడు.

"ఏందత్తమ్మా గిట్ల జేసినవ్!" ప్రసన్న పరుగెత్తుకొచ్చింది. "నీ పాటనే గద! గది పెడ్తెనే పంటడు వీడు. గల్లీల పిల్లలందర్కి గిదే జోల."

వజ్రమ్మకు స్టూడియో గుర్తొచ్చింది. బతుకమ్మ పాట అయిపోయాక, చెవుల్లో సాంచాలు మోగుతుంటే, మొహం గోడవైపు తిప్పుకుని... సాంచాలు నడుస్తుంటే తన గొంతు ఎవరికీ వినబడదు. ముప్పై ఏళ్లుగా ఒంటికి పట్టిన తెలివి అది. ఆ మోత తన చెవుల్లో తప్ప ఆ గదిలో ఎక్కడా లేదని, పక్కనే ఉన్న మైకు అన్నీ వింటోందని ఆమెకు తట్టనే లేదు.

ఇంట్లోకి వచ్చేసరికి, ఆ పూట ఉద్యోగానికి సెలవు పెట్టిన హారతి ఘారీ మిఠాయి డబ్బాతో ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అవ్వా, చూడు! మ్యాగజైన్‌ల రాసిండ్రు. ఈ ఏడు విన్న అన్నిట్ల బెస్ట్ లాలి నీదేనంట! నీకు తెల్వకుంట రికార్డయింది, అందుకే అంత సచ్చాగ, నిజమనిపించేటట్టు వచ్చిందంట—"

వజ్రమ్మ చెయ్యి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. హారతి చెంప పట్టుకుని నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక తల్లి చేతి దెబ్బ తినడం అదే మొదలు.

"లాలి గాదే అది. శోకం! సచ్చినోని మీద పెట్టే శోకం. గల్లీల బతికున్న పిల్లలకు పాడిపిస్తివి గదనే!"

"సచ్చినోడా? ఎవరు?"

"సోము. నీ అన్న."

"అన్ననా..." హారతి కళ్లు పెద్దవయ్యాయి. ఆ పిల్ల చూసిన చావులన్నీ సూరత్ గదుల్లోవే. గబగబా బండెక్కించి తీసుకుపోవడమే తప్ప, ఎవరూ రాగం తీసి ఏడవగా వినలేదు. కొడుకా అని తల్లి పాడుతుంటే అది జోలే అనుకుంది, పాపం. "తెల్వదవ్వా... నాకేం తెల్వదు. తీసేస్త. అభీ తీసేస్త."

"తీయకు" అంది వెనక నుంచి ఒక గొంతు.

పరమేశ్వర్ చాప మీద లేచి కూర్చున్నాడు. ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. చెవుల్లో దూది ఉండనే ఉంది. కానీ వజ్రమ్మ అతని ఎదురుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ల తర్వాత ఆమె పెదవుల మీద ఆ రెండక్షరాలను అతను కళ్లారా చూశాడు.

"పెట్టు బిడ్డా. వింట."

వజ్రమ్మ వద్దన్నట్టు చేతులూపింది. అతను పట్టించుకోలేదు. ఒక చెవిలోంచి, తర్వాత రెండో చెవిలోంచి దూది తీసి కిటికీ అంచున పెట్టాడు. హారతి హెడ్‌ఫోన్స్ తగిలించింది. అతను కళ్లు మూసుకున్నాడు. గదిలో మిగతా ఇద్దరికీ ఏమీ వినబడటం లేదు. వజ్రమ్మ అతని మొహమే చూస్తూ నిలబడింది. కోపమొస్తుందా, ఏడుస్తాడా, లేచి వెళ్లిపోతాడా అని.

పాట అయింది. "మల్ల పెట్టు" అన్నాడు. మళ్లీ విన్నాడు.

తర్వాత భార్య వైపు చూశాడు. "పచ్చంగి గాదు వజ్రా" అన్నాడు మెల్లగా. "నీలంగి. ఆ దినం నేనే తొడిగిన. గుండీలు పెట్టింది నేను."

వజ్రమ్మ అతని పక్కనే చాప మీద కూర్చుంది. అతను మరిచిపోయాడనే ఇంతకాలం అనుకుంది. తనకన్నా అతనికే ఎక్కువ గుర్తుంది! అతను చెయ్యి చాచి, అదే అరచేతిని, ఆమె నోటి మీద కాదు, నెత్తి మీద పెట్టాడు. కాసేపు ఉంచాడు. "జర సేపు పంట. పాళీ యాళ్లకు లేపు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పూట వజ్రమ్మ పనికి పోలేదు. తల్లీకూతుళ్లు గడపలో కూర్చుని సోము గురించి మాట్లాడుకున్నారు. పొద్దు వాలాక ఆమె టిఫిన్ కట్టి, పరమేశ్వర్ భుజం తట్టి లేపింది. మళ్లీ తట్టింది. ఒళ్లు చల్లబడిపోయి ఉంది.

గల్లీ అంతా వచ్చింది. రాజలింగం కార్ఖానాలో సాంచాలన్నీ బంద్ చేయించాడు. ఆ వీధిలో పండుగనాడు కూడా అంత నిశ్శబ్దం ఉండదు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని వజ్రమ్మ మొహంలోకి చూస్తున్నారు. మొదట భార్య ఎత్తుకోవాలి, తర్వాతే మిగతావాళ్లు. ఆమె నోరు తెరిచింది. చావును నేనే పిలిచానా అన్న ఒక్క ఆలోచన తప్ప లోపల ఏమీ లేదు. గొంతు రాలేదు. మళ్లీ తెరిచింది, రాలేదు. "ఏడువమ్మా, ఏడు" అని ఎవరో వీపు నిమిరారు.

హారతికి మాత్రం అర్థమైంది. లేచి, చెప్పులు కూడా లేకుండా రాజలింగం దగ్గరికి పోయింది.

"కాకా, సాంచాలు నడిపియ్యుండ్రి."

"మతి పోయిందా బిడ్డా? పీనుగ ఇంటి ముంగటనా?"

"అన్నీ నడిపియ్యుండ్రి కాకా. మా అవ్వకు ఏడుపు రావాలె."

రాజలింగం ఆ పిల్ల మొహం చూసి మారుమాట్లాడకుండా పోయాడు. ఒక సాంచా కదిలింది, ఇంకొకటి అందుకుంది, చూస్తుండగానే వీధంతా మోతతో నిండిపోయింది. కూర్చున్న ఆడవాళ్లు బిత్తరపోయి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు వజ్రమ్మ నోరు తెరిచింది. ఈసారి మొహం గోడవైపు తిప్పుకోలేదు. ఆమె ఏం పాడిందో ఎవరికీ వినబడలేదు. ఎదురుగా కూర్చున్న కార్ఖానా ఆడవాళ్లు మాత్రం ఆమె పెదవులు చూసి ఒక మాట పట్టుకోగలిగారు. నీలంగి, నీలంగి అంటోంది.

సాంచాల అదురుకు కిటికీ రేకు సన్నగా వణుకుతోంది. దాని అంచున, చెవి ఆకారంలోనే గట్టిపడిపోయిన రెండు దూది ఉండలు.